డబుల్ బెల్

ఆ రోజు నేను హేమంత్ బూట్లు కడుగుతున్నాను. ఘాట్ రోడ్డు మీది ఎర్రమట్టి బూటు అడుగున గాట్లలో ఇరుక్కుంటే నీళ్లు పోసినంత మాత్రాన పోదు. పాత పళ్ల బ్రష్షు తీసుకుని ఒక్కో గాటూ తోమాలి. వసారాలో కుర్చీ వేసుకుని, రాత్రి నేను నానబెట్టిన ఖర్జూరాలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటూ నా మొగుడు హేమంత్ నా వంక చూశాడు. "అసలు నువ్వు పరిగెడుతున్నావా, నడుస్తున్నావా? ముందు అదొకటి తేల్చుకో. గ్రౌండ్ దగ్గర మావాళ్లు నవ్వుకుంటున్నారు. రెండు కరెంటు స్తంభాల దూరం పరుగెత్తి ఒక స్తంభం నడిచేదాన్ని పరుగనరు, ఆయాసం అంటారు."

నేను బూటు తిప్పి మడమ వైపు తోమడం మొదలుపెట్టాను. పోయినేడు హేమంత్ వదిలేసిన జత నా కాళ్లకుంది, ముందు భాగంలో దూది కూరి వేసుకుంటున్నాను. అది కూడా ఆయనకు నవ్వులాటే. సాతారాలో వానలు వెనకబట్టే వేళకి సగం ఊరు ఘాట్ మీద పరుగెడుతుంది. బ్యాంకు మేనేజర్లు, డాక్టర్లు, మా హేమంత్‌లాంటి నీటిపారుదల ఇంజనీర్లు తెల్లారకముందే ఒకే రంగు చొక్కాలు వేసుకుని యవతేశ్వర్ రోడ్డెక్కుతారు. మా హాల్లో దేవుడి పటాల కంటే ఈయన పతకాలే ఎక్కువ. ఆ పతకాల వెనక నానబెట్టిన ఖర్జూరాలూ, ఉడకబెట్టిన గుడ్లూ, తోమిన బూట్లూ, పందెం రోజున చొక్కాకు నంబరు కాగితం వంకర పోకుండా పెట్టిన నాలుగు పిన్నులూ ఉన్నాయి. ఒక్క పతకం మీదా నా పేరు ఉండక్కర్లేదు. కానీ నేను కూడా పరుగెత్తుతానని అన్న రోజున ఈయన నవ్విన నవ్వు మాత్రం నాకు గుర్తుండిపోయింది.

నేను ఎస్టీలో, అంటే సర్కారు బస్సుల్లో, కండక్టర్ని. మా డిపోలో మేఢా రూటు. బస్సులో పైన తాడు కట్టి ఉంటుంది, ఒక్కసారి లాగితే గంట మోగి బస్సు ఆగుతుంది, రెండుసార్లు లాగితే కదులుతుంది. బస్సు నిండా ఉన్న మగవాళ్లు, గొడవపడేవాళ్లు, తాగినవాళ్లు, తగిలీ తగలనట్టు తగిలేవాళ్లు అందరూ నేను లాగే తాడుకే ఆగుతారు, కదులుతారు. ఆ తాడు వదిలి ఇంటికొస్తే నన్ను ఆపే గంట ఏదీ లేదు. పొయ్యి మీద పాలు, బాత్రూంలో హేమంత్ తువ్వాలు, మంచం మీద అత్తగారి పిలుపు, గిన్నెలు, మళ్లీ పొయ్యి. డ్యూటీలో నేను నీళ్లు తాగను. మేఢా స్టాండులో ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ ఊడిపోయి ఎన్నాళ్లైందో ఎవరికీ తెలియదు. ఇద్దరం ఉంటే ఒకరు తలుపు పట్టుకోవాలి. నేను ఒక్కదాన్నే కదా. మా డ్రైవరు శిర్కే ఒకసారి తలుపు పట్టుకుంటానన్నాడు, పళ్లికిలించి. అప్పట్నుంచి పొద్దున ఇంట్లో చాయ్ కూడా సగమే తాగుతాను.

నన్ను పరుగులోకి దించింది కుందా తాయి, అంటే కుందా అక్క. ఒకప్పుడు అమ్మాయిల బడిలో డ్రిల్లు టీచరు, ఇప్పుడు రిటైరయింది. పొద్దున పోలీసు గ్రౌండులో ఊరికే నడవడానికి వచ్చే ఆడవాళ్లను పోగేసి పరుగు నేర్పుతుంది. మొదటి రోజు నేను నా అలవాటు కొద్దీ ఒళ్లు తెలియకుండా ఉరికి, మూలన ఉన్న కొళాయి దగ్గర వంగి వాంతి చేసుకున్నాను. ఆవిడ వీపు నిమరలేదు, అయ్యో అనలేదు. నేను మూతి కడుక్కునేదాకా ఆగి అడిగింది.

"ఎప్పుడు నడవడం మొదలుపెట్టావు?"

"ఇంక అవ్వదు అనిపించాక, తాయి."

"అదే తప్పు. అవ్వదు అనిపించాక నడిస్తే అది పడిపోవడం. దమ్ము ఉండగానే నడవాలి. ఇంకా పరుగెత్తగలను అనిపిస్తున్నప్పుడే ఆగి నడవాలి. అలా చేస్తేనే చివరిదాకా వెళ్తావు."

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. వాంతి వల్ల వచ్చాయని తాయి అనుకుని ఉంటుంది. నలభై దాటిన నాకు అలసిపోకముందే ఆగమని చెప్పినవాళ్లు అప్పటిదాకా ఎవరూ లేరు. మా అమ్మ చెరుకు కోతకు వెళ్లేది. ఆవిడ కూర్చోగా నేను చూసింది జ్వరం వచ్చినప్పుడే. అత్తారింట్లో కూర్చోవాలంటే కారణం చూపించాలి, నడుమునొప్పి కారణం కాదు, నూట మూడు జ్వరం కారణం. ఇంకా ఓపిక ఉండగానే ఆగడమన్నది మా ఇళ్లలో దొంగతనం కిందే లెక్క. దాన్ని ఒక డ్రిల్లు టీచరు నియమమని చెబుతోంది, తప్పకుండా చెయ్యమంటోంది.

అప్పట్నుంచి రెండు కరెంటు స్తంభాలు పరుగు, ఒక స్తంభం నడక. గడియారం పెట్టుకోలేదు. రెండో స్తంభం దగ్గర మనసులో తాడు ఒకసారి లాగేదాన్ని, నడిచేదాన్ని. మూడో స్తంభం దగ్గర రెండుసార్లు. కొన్నాళ్లకు చెయ్యి దానంతటదే పైకి లేచేది, పక్కన పరుగెత్తే ఆడవాళ్లు నవ్వేవారు. నిజం చెప్పాలంటే పరుగు నాకు పెద్ద వింత కాలేదు, ఇంట్లో చేసేదే. నాకు వింత నడక. చేతిలో గిన్నె లేకుండా, చంకలో టికెట్ల సంచీ లేకుండా, వెనక నుంచి ఎవరూ పిలవకుండా ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా నడవడం. ఆ నడక కోసమే తెల్లారి లేచేదాన్ని. నీళ్లు కూడా తాగడం మొదలుపెట్టాను, గ్రౌండులో మరుగుదొడ్డికి గడియ ఉంది. వానల తర్వాత వచ్చే ఘాట్ పందానికి కుందా తాయే నా పేరు ఇచ్చింది.

ఇంట్లో ఆయీ మంచంలో ఉంది. మేం ఆయీ అని పిలిచే మా అత్తగారు సోనాబాయి వార్కరీ, విఠోబా భక్తురాలు, మెడలో తులసి మాల. ఏటా ఆషాఢంలో పాదుకల పల్లకీ వెంట ఆళంది నుంచి విఠోబా ఉండే పండరి దాకా నడిచేది, ఆ యాత్రనే వారీ అంటారు. వారీలో ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా "మావులీ", తల్లీ అని పిలిచి కాళ్లకు దండం పెట్టేది. ఇంటికొచ్చాక నన్ను "ఏయ్" అనేది. వేళాపూర్ దగ్గర రోడ్డు పల్లానికి వాలే ఒక దిగుడు ఉంది. అక్కడి నుంచి భక్తుడు తుకోబా విఠోబా గుడి శిఖరాన్ని చూసి ఆగలేక పరుగెత్తాడని, అక్కడికి రాగానే వార్కరీలందరూ పరుగెత్తుతారు. అన్ని రోజులూ నడక, ఆ ఒక్కచోట పరుగు. పోయినేడు ఆ దిగుడులోనే ఆయీ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ లేచి నిలబడలేదు.

అప్పట్నుంచి పగలు నేను డ్యూటీకి వెళ్తే పక్క పేట సుమన్‌బాయి వచ్చి కూర్చునేది, మిగతా వేళంతా నేనే. పక్కకు తిప్పాలి, తుడవాలి, గుడ్డలు మార్చాలి, పడక పుండ్లకు మందు రాయాలి. హేమంత్ ఆ గది గుమ్మం దాటేవాడు కాదు. "అమ్మనలా చూస్తే నా మనసు తట్టుకోలేదు" అనేవాడు. మనసు తట్టుకోలేక ఇంకో రౌండు పరుగెత్తడానికి వెళ్లేవాడు. వచ్చినవాళ్లతో "మా ఉజ్వల ఉంది గనక సరిపోయింది" అనేవాడు, అదే నాకు జీతమూ బోనసూ. ఆయీ మాత్రం నేను పొద్దున బూట్లు వేసుకుంటుంటే గోడవైపు తిరగలేక కళ్లు మూసుకునేది. ఒకసారి అననే అంది, "నా కాళ్లు ఊడబీకి నీకిచ్చాడన్నమాట విఠోబా."

పందెం ఇంకో పదిహేను రోజులుందనగా, ఒక మధ్యాహ్నం ఒళ్లు తుడుస్తున్నాను. పిక్కల మీద కండ కరిగిపోయి చర్మం సంచిలా వేలాడుతోంది. ఊరికే ఉండలేక అడిగాను, ఆ వయసులో దిగుడులో ఎందుకు పరుగెత్తారు ఆయీ, నడిస్తే దేవుడు వద్దంటాడా అని.  ఆవిడ పైకప్పు వంక చూస్తూ చెప్పింది.

"దేవుడి కోసమని అందరూ అనుకుంటారు. నేనూ అదే చెప్పుకున్నాను. కాదు. అక్కడ ఆడది పరుగెత్తితే ఎందుకని ఎవరూ అడగరు. మన పేటలో నేను వీధిలో పరుగెత్తితే ఇల్లంటుకుందా అంటారు. ఈ ఇంటికొచ్చాక నేను పరుగెత్తింది ఆ దిగుడులో ఒక్కచోటే."

"ఇంట్లో పరుగెత్తలేదా?"

"ఇంట్లోది పరుగా? వెనక కర్ర పట్టుకుని తరిమితే గొడ్డు ఉరుకుతుంది, అది పరుగంటావా నువ్వు?"

నా చేతిలో తడిగుడ్డ అలాగే ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ నాతో ఒక మనిషితో మాట్లాడినట్టు మాట్లాడింది అదే మొదటిసారి. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుందామా అనుకున్నాను. అంతలోనే ఆవిడ తల నావైపు తిప్పింది. "ఆ ఆదివారం పందానికి పోతానన్నావట."

"అవును ఆయీ."

"పోకు. నువ్వు పోతే నన్నెవరు తిప్పుతారు?"

కోపంగా అనలేదు. భయంగా అంది. నాకు కోపం వచ్చి ఉంటే బాగుండేది. పరుగంటే ఏమిటో నాకంటే బాగా తెలిసిన మనిషి నన్ను వద్దంటోంది, ఎందుకంటే కొడుకు తిప్పడని ఆవిడకూ తెలుసు. ఆవిడను ఎడమ పక్కకు తిప్పి, వీపు వెనక దిండు పెట్టి, గుడ్డలు తీసుకుని బయటికి వచ్చేశాను.

ఆ తర్వాతి వారమే ఆయీకి ఛాతీలో నెమ్ము చేరింది. రెండు రోజులు కూడా నిలవలేదు. పోయింది పగలే, సెలవు పెట్టి నేనొక్కదాన్నే ఉన్నప్పుడు. నోట్లో తులసి నీళ్లు పోశాను, కళ్లు మూశాను. అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో చెబుతాను, ఎవరేమనుకున్నా సరే. ఇంక ఆదివారం వెళ్లొచ్చు అనుకున్నాను. ఏడుపు దాని తర్వాత వచ్చింది, చాలా వచ్చింది.

నా తెలివి ఎక్కడికి పోయిందో, మైల సంగతి మర్చిపోయాను. మావాళ్లలో పోయిన మనిషి ప్రాణం వదిలిన చోట గోధుమపిండి పరిచి దాని మీద దీపం పెడతారు. పదో రోజు కర్మ అయ్యేదాకా అది ఆరకూడదు, దాన్ని వదిలి వెళ్లకూడదు. ఆరితే పోయినవాళ్లకు దారి కనిపించదంటారు. నూనె పొయ్యడం, వత్తి ఎగదొయ్యడం నా పనే అని ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే అది నా పనైంది. మిరజ్‌లో నర్సు కోర్సు చదివే మా అమ్మాయి వచ్చి, పరీక్షలున్నాయని మర్నాడే వెళ్లింది. హేమంత్ బాబాయి, మేము కాకా అంటాం, పల్లె నుంచి ఇద్దరు కొడుకులతో వచ్చి దిగాడు. ఇరుగుపొరుగు శనగపిండి పిఠలా, జొన్న భాకరీ రొట్టెలు తెచ్చి పెట్టేవారు. నేను దీపం పక్కన కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఆయీ ఎలా పోయిందో మళ్లీ మళ్లీ చెప్పేదాన్ని.

శుక్రవారం హేమంత్ పరుగు స్నేహితులు వచ్చారు. గుండు చేయించుకున్న హేమంత్ నేల మీద చాప వేసుకుని కూర్చున్నాడు.  వాళ్లలో పెద్దాయన, పళ్ల డాక్టరు, గొంతు సవరించుకుని ఆదివారం సంగతి ఎత్తాడు. ఆయీ ఎన్నేళ్లు వారీ నడిచిన మనిషి, ఆవిడకు ఇంతకంటే పెద్ద నివాళి ఏముంటుంది, చేతికి నల్ల రిబ్బను కట్టుకుని ఆయీ పేరు మీద పరుగెత్తు అన్నాడు. మైల కదా అని హేమంత్ గొణిగాడు. కాకా చెయ్యి ఊపేశాడు. మగాడు పనుల మీద ఎటూ తిరుగుతూనే ఉన్నాడు, పొద్దున రెండు గంటలు పరుగెత్తి వచ్చి స్నానం చేస్తే సరి అన్నాడు. హేమంత్ కళ్లు తుడుచుకున్నాడు. అందరూ ఆయన భుజం తట్టారు. నేను వత్తి ఎగదోశాను.

వాళ్లు వెళ్లాక అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏమండీ, నాకూ నంబరుంది. బీరువాలో చీరల కింద పెట్టాను."

"అయితే?"

"నేనూ ఆయీ పేరు మీద పరుగెత్తుతాను."

హేమంత్ నిజంగా ఆశ్చర్యపోయాడు. కోప్పడలేదు, పిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "కోడలు దీపం వదిలేసి రోడ్డెక్కితే ఊళ్లో ఏమనుకుంటారు? అయినా నీకేం పోయింది ఉజ్వలా, నువ్వెలాగూ సగం నడిచేదానివే. వచ్చే ఏడు నడుద్దువుగాని."

ఆదివారం తెల్లారకముందే లేచి ఆయన చొక్కాకు నంబరు కాగితం పెట్టాను, నాలుగు పిన్నులు, వంకర లేకుండా. చేతికి నల్ల రిబ్బను కట్టాను, ముడి బిగుతుగా ఉందని విప్పించి మళ్లీ కట్టించుకున్నాడు. ఖర్జూరాలు పెట్టాను. "దీపం జాగ్రత్త" అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. నేను వెళ్లి పిండి ముందు కూర్చున్నాను. దీపం నిటారుగా వెలుగుతోంది. కాకా లేచి చాయ్ అడిగాడు, ఇచ్చాను. ఆయన కొడుకులిద్దరూ ఫోన్లు చూసుకుంటూ పడుకుని ఉన్నారు. నాకు నిద్ర రాలేదు, ఏడుపు రాలేదు, కోపం కూడా పెద్దగా లేదు. ఇంకా ఓపిక ఉంది. ఇంకో రెండు రోజులు ఈ దీపం పక్కన కూర్చోగలను, తర్వాత పదమూడో రోజు వంట చెయ్యగలను, తర్వాత బూట్లు కడగగలను, ఇంకో ఇరవై ఏళ్లు కూడా అవుతుంది నాకు. ఒక రోజు ఇంక అవ్వదు అనిపిస్తుంది, అప్పటికి నా పిక్కలు కూడా సంచుల్లా వేలాడుతుంటాయి. కుందా తాయి చెప్పింది ఈ సంగతేనని అప్పుడు అర్థమైంది.

ప్రమిదలో అంచుదాకా నూనె పోశాను. కొత్త వత్తి పక్కన పెట్టాను. లోపలికి వెళ్లి సల్వారు మార్చుకుని నా నంబరు నేనే పిన్నులతో పెట్టుకున్నాను, అద్దం చూడకుండా పెట్టడంతో కొంచెం వంకర వచ్చింది. దూది కూరిన బూట్లు వేసుకుని గుమ్మం దగ్గర ఆగాను.

"కాకా, దీపం చూసుకోండి. నూనె గిన్నె పక్కనే ఉంది."

ఆయన చాయ్ కప్పు దించాడు. "నేనా?"

ముందే చెప్పేస్తున్నాను, ఆ దీపం ఆరిపోయింది. కాకా స్నానానికి వెళ్లాడట. ముగ్గురు మగవాళ్లున్న ఇంట్లో వత్తి ఎగదోసేవాళ్లు లేక ఆరిపోయింది. దీపం ఆర్పిన కోడలని ఇప్పటికీ నన్నే అంటారు. పదో రోజున పిండానికి కాకి ఆలస్యంగా వస్తే అదీ నా మీదే పడింది. నేను జవాబు చెప్పడం మానేశాను.

నేను చేరేసరికి పందెం మొదలై చాలాసేపైంది. అందరి వెనక మెల్లగా వచ్చే అంబులెన్సు ముందు దూరిపోయి పరుగు మొదలుపెట్టాను. ఊళ్లో ఉన్నంతసేపూ స్తంభాలున్నాయి. ఘాట్ ఎక్కాక స్తంభాలు లేవు, లోయ వైపు సున్నం వేసిన రాళ్లున్నాయి. రెండు రాళ్లు పరుగు, ఒక రాయి నడక. నాకు దమ్ముంది, అయినా నడిచాను, నియమం అది. పైదాకా వెళ్లినవాళ్లు రోడ్డుకు అటువైపు నుంచి తిరిగి దిగుతున్నారు. మలుపు దగ్గర చప్పట్లు వినిపించాయి. ఎవరో "ఆయీ కోసం!" అని అరిచారు. గుండు, నల్ల రిబ్బను, కళ్లలో నీళ్లు. హేమంత్ దిగుతున్నాడు. పక్కనే పళ్ల డాక్టరు ఫోను పట్టుకుని ఆయన్ను ఫొటో తీస్తూ పరుగెత్తుతున్నాడు.

అప్పుడు నేను నడుస్తున్నాను. హేమంత్ నన్ను చూశాడు, నా నంబరు చూశాడు, రోడ్డు దాటి నా దగ్గరికి వచ్చాడు. నేను ఆగలేదు. నాతో మాట్లాడాలంటే ఆయన వెనక్కి తిరిగి ఎక్కుతూ నా పక్కన నడవాల్సి వచ్చింది. ఇన్నేళ్లలో పందెంలో ఆయన నడిచింది అదే మొదటిసారి.

"దీపం ఎవరు చూస్తున్నారు?"

"కాకాకి చెప్పి వచ్చాను."

"కాకాకా? మతి ఉండే చేశావా? ఆరిపోతే? అక్కడ అమ్మ..." ఆయాసంతో మాట తెగిపోయింది. పళ్ల డాక్టరు ఫోను దించేశాడు. దిగేవాళ్లు ఒక్కొక్కరే మమ్మల్ని దాటిపోతున్నారు. "తిరిగి ఇంటికి పో ఉజ్వలా. ఇప్పుడే."

ఇంటికి వెళ్లాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. ఆ రాత్రీ, ఆ తర్వాత చాలా రాత్రులూ ఏం వినాలో మొత్తం తెలుసు. తెలుసు గనకే గొంతు పెంచలేదు.

"ఆవిడ మీ అమ్మ. మీరు వెళ్లి చూడండి."

ఆయన అక్కడే ఆగిపోయాడు. నా ముందు సున్నం రాయి ఇంకా నాలుగడుగులు ఉంది. తొందరపడలేదు, ఆ నాలుగడుగులూ నడిచే వెళ్లాను. రాయి దగ్గర నా చెయ్యి దానంతటదే పైకి లేచి తాడును రెండుసార్లు లాగింది.